శాస్త్రం తనకు తానే సాక్షి కాగలదా? తరచుగా అడిగే ప్రశ్నలు

శాస్త్రం అంటే ఇక్కడ మతగ్రంథం. "ఈ గ్రంథం సత్యమని మీకెలా తెలుసు?" అని అడిగితే "అందులోనే ఉంది కదా" అనే జవాబు అన్ని మతాల వాళ్ళ దగ్గరా వింటాం. నేను పారాయణ మానని ఇంట్లో పుట్టాను, ఇప్పటికీ మానలేదు. అయినా ఈ జవాబు చాలదని నా నమ్మకం. మన పూర్వులలో వేదాన్ని అందరికంటే ఎక్కువగా గౌరవించినవాళ్ళు కూడా దీనితో సరిపెట్టుకోలేదని చదివాక ఆ నమ్మకం గట్టిపడింది. కొన్నేళ్ళుగా మిత్రులు, బంధువులు, పిల్లలు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు నాకు తోచిన జవాబులు ఇవి.

ఒక గ్రంథం "నేను సత్యం" అని చెప్పుకుంటే తప్పేమిటి?

చెప్పుకోవడంలో తప్పు లేదు. దాన్ని రుజువుగా చూపడంలోనే చిక్కు ఉంది. వీలునామాను తీసుకోండి. "ఇది నేను పూర్తి స్పృహతో రాసిన చివరి వీలునామా" అనే వాక్యం అసలు వీలునామాలో ఉంటుంది, దొంగ వీలునామాలోనూ అంతే స్పష్టంగా ఉంటుంది. రెండింటిలోనూ ఉన్న వాక్యం ఏది అసలో, ఏది నకిలీయో చెప్పలేదు. అందుకే 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలంటుంది. కాగితం బయట నిలబడి మాట్లాడగల మనిషి ఒకడు కావాలన్నమాట.

మతగ్రంథాల విషయమూ ఇంతే. తాము దైవదత్తమని చెప్పుకునే గ్రంథాలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి, అవి ఒకదానితో ఒకటి విభేదిస్తున్నాయి. అందరి చేతిలోనూ ఒకే రుజువు ఉన్నప్పుడు అది ఎవరినీ గెలిపించదు.

తర్కశాస్త్రంలో ఈ దోషానికి పేరుందా?

మూడు పేర్లున్నాయి. ఒక విషయం రుజువు కావడానికి తననే ఆధారం చేసుకుంటే ఆత్మాశ్రయం. రెండు విషయాలు ఒకదాని మీద ఒకటి ఆనుకుంటే అన్యోన్యాశ్రయం. మూడు, అంతకంటే ఎక్కువ కలిసి చుట్టూ తిరిగితే చక్రకం. "దేవుడు చెప్పాడు కనుక వేదం ప్రమాణం (నమ్మదగిన ఆధారం), వేదం చెప్పింది కనుక దేవుడున్నాడు" అనేది అన్యోన్యాశ్రయానికి అచ్చమైన ఉదాహరణ. దీన్ని మొదట ఎత్తి చూపింది ఆధునిక హేతువాదులు కాదు. వేదాన్ని అంగీకరించిన నైయాయికులే, అంటే న్యాయదర్శన పండితులే, ఈ దోషం తమకు అంటకుండా ఎంతో శ్రమపడ్డారు. పదో శతాబ్దం చివరలో జీవించిన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుణ్ణి ముందు అనుమాన ప్రమాణంతో, అంటే తర్కంతో ఊహించి, నిరూపించడానికి పూనుకున్నాడు. ఆ అనుమానాలు నిలుస్తాయా లేదా అన్నది వేరే చర్చ. వలయంలో నిలబడి వాదించకూడదని ఆయనకు తెలుసు, ఇక్కడ మనకు కావలసింది అదే.

మరి మీమాంసకులు, అంటే వేదంలోని యాగవిధులను విచారించే దర్శనం వాళ్ళు, వేదానికి స్వతఃప్రామాణ్యం ఉందన్నారు, అంటే అది తనంతట తానే ప్రమాణమన్నారు. అది ఈ వలయమే కదా?

చాలామంది అలాగే అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ ఏడో శతాబ్దపు కుమారిలభట్టు శ్లోకవార్తికంలో చెప్పినది అది కాదు. ఆయన వేదంతో మొదలుపెట్టడు, జ్ఞానంతో మొదలుపెడతాడు. నాకు ఎదురుగా బిందె కనిపించింది. అది బిందేనని నమ్మడానికి మరో రుజువు కావాలంటే ఆ రుజువుకు ఇంకొకటి, దానికి మరొకటి కావాలి. ఈ గొలుసుకు అంతు ఉండదు. దీన్ని అనవస్థ అంటారు. కాబట్టి కలిగిన ప్రతి జ్ఞానమూ తనంతట తానే ప్రమాణం. ముంజేతి కంకణానికి అద్దమెందుకు? దాన్ని తోసిపుచ్చగలవి రెండే. ఒకటి, దానికి విరుద్ధమైన మరింత బలమైన జ్ఞానం. తాడును పాము అనుకున్నవాడికి దీపం తెచ్చాక తాడని తెలుస్తుంది. రెండు, జ్ఞానం పుట్టిన చోటులో దోషం. కామెర్లు వచ్చినవాడికి తెల్లని శంఖం పచ్చగా కనిపిస్తుందని చెప్పుకుంటారు కదా, అలాంటిది.

ఇప్పుడు దీన్ని వేదానికి వర్తింపజేస్తాడు. మాట అబద్ధం కావడానికి కారణం చెప్పినవాడి అజ్ఞానమో, మోసమో, ఏమరుపాటో. వేదానికి కర్త లేడు, అది అపౌరుషేయం, కనుక కర్తృదోషానికి తావు లేదు. ఇక యాగం చేస్తే స్వర్గం వస్తుందన్న మాటను కళ్ళూ చెవులూ కాదనలేవు, అది వాటికి అందే విషయం కాదు. తోసిపుచ్చేవి రెండూ లేవు కాబట్టి వేదజ్ఞానం అలాగే నిలుస్తుంది.

గమనించండి, "వేదం తాను సత్యమని చెప్పింది, కాబట్టి సత్యం" అనే మాట ఇందులో ఎక్కడా లేదు. మీమాంసకులకు జగత్కర్త అయిన ఈశ్వరుడు కూడా అక్కరలేదు. నిర్మాణం అద్భుతంగా ఉందని ఒప్పుకుంటాను. మొదటి సగం, అంటే మన బ్రతుకంతా ముందు నమ్మి తరువాత సరిదిద్దుకునే పద్ధతిలోనే సాగుతుందన్నది, నాకు సత్యమే అనిపిస్తుంది. రెండో సగం దగ్గర ఆగిపోతాను. వేదానికి కర్త లేడన్నది వేదం బయట నిరూపించవలసిన వాదం. కర్త ఎవరో ఎవరికీ గుర్తులేదనీ, అధ్యయనమంతా గురువు నుంచి శిష్యుడికి ఇలాగే వస్తోందనీ కుమారిలుడు అంటాడు. కర్త గుర్తులేని చాటుపద్యాలు మన ఊళ్ళలో ఎన్ని లేవు? వాటికి కర్తలు లేరని మనం అనం. వాక్యం అన్నాక కర్త ఉండాలని నైయాయికులు ఆ రోజుల్లోనే ఎదురు చెప్పారు. ఇక కాదనలేకపోవడం గురించి. ఇంద్రియాలకు అందని దాన్ని గురించి ఎవరు ఏమి చెప్పినా ఇంద్రియాలు కాదనలేవు. ఆ రక్షణ వేదానికి ఒక్కదానికే దొరికేది కాదు.

అయితే కుమారిలుడు ఇతరులను అడిగిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ పదునుగా ఉంది. మీ గ్రంథకర్త సర్వజ్ఞుడు కాబట్టి ఆయన మాట ప్రమాణమంటారు. ఆయన సర్వజ్ఞుడని పోల్చుకోవడానికి మీరూ సర్వజ్ఞులై ఉండాలి కదా? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పినవాళ్ళను నేను చూడలేదు.

న్యాయదర్శనం వేదాన్ని ఎలా సమర్థించింది?

ఈ చర్చలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. న్యాయసూత్రాల రెండో అధ్యాయంలో గౌతముడు ముందుగా ప్రతిపక్షం చేత మాట్లాడిస్తాడు. వేదం ప్రమాణం కాదు, ఎందుకంటే అందులో అసత్యం, పరస్పర విరోధం, పునరుక్తి అనే మూడు దోషాలున్నాయి అంటుంది ఆ సూత్రం. పుత్రకామేష్టి చేసినా కొడుకు పుట్టడం లేదు కదా అని భాష్యకారుడు వాత్స్యాయనుడు దానికి ఉదాహరణ ఇస్తాడు. తన గ్రంథం మీద రాగల అతి కఠినమైన ఆరోపణను తానే రాసి పెట్టుకోవడానికి ఎంత ధైర్యం కావాలి!

జవాబు ఇలా ఉంటుంది. ఫలితం రాకపోతే లోపం కర్మలోనో, యాగం చేసినవాడిలోనో, సాధనంలోనో ఉంది. చివరికి అసలు హేతువు చెబుతాడు: మంత్రానికీ ఆయుర్వేదానికీ ప్రామాణ్యం ఎలా ఉందో వేదానికీ అలాగే ఉంది, ఎందుకంటే చెప్పినవాళ్ళు ఆప్తులు, ఉన్నది ఉన్నట్టు చెప్పే నమ్మదగినవాళ్ళు. అంటే పరీక్షించగల చోట మాట నిజమైందని చూశాం, కాబట్టి పరీక్షించలేని చోట కూడా నమ్మవచ్చు. ఇది వలయం కాదు. మనం రోజూ మనుషులను నమ్మే పద్ధతే. బాకీ పది సార్లు సమయానికి తీర్చినవాడికి పదకొండోసారి అడగకుండానే అప్పిస్తాం.

నాకు రెండు అభ్యంతరాలున్నాయి. మూలిక గురించి తెలిసినవాడికి స్వర్గం గురించీ తెలుసునని ఎలా అంటాం? వడ్రంగి చెప్పే కలప సంగతి నమ్ముతాను, గుండె జబ్బుకు మాత్రం వైద్యుడి దగ్గరికే వెళతాను. రెండోది ఇంకా ముఖ్యం. కొడుకు పుడితే శాస్త్రం నిజం, పుట్టకపోతే యాగం చేసినవాడి లోపం అనే పద్ధతిలో శాస్త్రం ఎన్నటికీ ఓడదు. ఓడిపోవడానికి వీలే లేని పందెంలో గెలుపుకు విలువ ఉండదు. ఉపవాసం సరిగా చేయలేదు, విశ్వాసం చాలలేదు అని చెప్పి దుఃఖంలో ఉన్నవాళ్ళ మీదే నేరం మోపడం ఈ రోజుకీ చూస్తున్నాం. నాకు కోపం తెప్పించే విషయం ఇదొక్కటే.

బౌద్ధులు, జైనులు ఏమన్నారు?

అంగుత్తర నికాయంలో కాలాములకు బుద్ధుడు చేసిన ఉపదేశం చాలామందికి తెలుసు. పరంపరగా వచ్చిందనో, పిటకాలలో ఉందనో, చెప్పినవాడు మా గురువనో ఒక మాటను పట్టుకోవద్దంటాడు. మజ్ఝిమ నికాయంలోని చంకీ సుత్తంలో, ఒకరినొకరు పట్టుకుని నడిచే గుడ్డివాళ్ళ వరుస ఉంటుంది. ముందువాడూ చూడలేదు, మధ్యవాడూ చూడలేదు, వెనకవాడూ చూడలేదు. పరంపర ఎంత పొడవుగా ఉన్నా మొదట చూసినవాడు ఒకడుండాలి కదా అన్నది అక్కడి ప్రశ్న. ఎనిమిదో శతాబ్దపు శాంతరక్షితుడి తత్త్వసంగ్రహంలో బుద్ధుడి మాటగా ప్రసిద్ధమైన శ్లోకం ఉంది: బంగారాన్ని కాల్చి, కోసి, గీటు పెట్టి చూసినట్టు నా మాటను పరీక్షించి తీసుకోండి, నా మీది గౌరవంతో కాదు.

అయితే బౌద్ధులకు ఇంద్రియాలకు అందని సంగతులు లేవా? ఉన్నాయి. ఏ కర్మకు ఏ ఫలమో సూక్ష్మంగా చెప్పే మాటలు కంటికీ తర్కానికీ పూర్తిగా అందవు. ఇక్కడ బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి నిజాయితీ నన్ను కదిలించింది. తెలుసుకోగల విషయాల్లో తప్పని, తనకు తాను విరోధించని శాస్త్రాన్ని ఇలాంటి చోట అనుసరించవచ్చంటాడు. వెంటనే, ఇది వేరే గతి లేక ఒప్పుకోవడమే, ఇందులో లోపం లేకపోలేదు అని తానే చెబుతాడు. తన మతగ్రంథం గురించి ఇంత నిక్కచ్చిగా మాట్లాడిన పండితులు ఎంతమంది?

జైనాచార్యుడు హరిభద్రుడు ఒక్క శ్లోకంలో తేల్చేశాడు: నాకు మహావీరుడి మీద పక్షపాతం లేదు, కపిలుడు మొదలైన ఇతర దర్శనకర్తల మీద ద్వేషం లేదు, ఎవరి మాట యుక్తియుక్తమో దానినే గ్రహించాలి.

బైబిలు, ఖురాన్ల విషయంలో కూడా ఇదే చర్చ ఉందా?

ఉంది, అంతే లోతుగా ఉంది. యోహాను సువార్త 5వ అధ్యాయంలో, తన గురించి తానే సాక్ష్యం చెప్పుకుంటే ఆ సాక్ష్యం చెల్లదని యేసు అంటాడు. ఇతర సాక్షులను, అంటే యోహానును, తన క్రియలను, తండ్రిని, లేఖనాలను చూపుతాడు. 8వ అధ్యాయంలో తన గురించి తాను చెప్పుకున్నా తన సాక్ష్యం సత్యమే అంటాడు. ఈ రెండు మాటల మధ్య ఉన్న బిగువే మన ప్రశ్న. లేఖనమంతా దైవప్రేరితమని తిమోతికి రాసిన రెండో పత్రికలో ఉన్న వాక్యాన్ని తరచుగా రుజువుగా చూపుతారు. ఆ మాట రాసేనాటికి కొత్త నిబంధన ఇంకా ఒక గ్రంథంగా కూర్చబడలేదు. అక్కడి 'లేఖనం' ప్రధానంగా యూదుల పవిత్ర గ్రంథాలే. పదహారో శతాబ్దంలో ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ వేరే దారి పట్టాడు. తెలుపు నలుపులకూ తీపి చేదులకూ రుజువు అడగనట్టే లేఖనం తన సత్యాన్ని తానే చూపుకుంటుందన్నాడు. ఇది మన స్వతఃప్రామాణ్యానికి దగ్గరి చుట్టం.

ఖురాన్ రెండు పరీక్షలను తానే ముందుంచుతుంది. ఇలాంటి ఒక్క సూరానైనా (అధ్యాయాన్నైనా) తెండి అని 2వ సూరాలో, ఇది దేవుడిది కాకపోతే ఇందులో ఎన్నో వైరుధ్యాలు కనిపించేవని 4వ సూరాలో ఉంది. పరీక్షకు పిలవడం గొప్ప సంగతే. అయితే సాహిత్య సౌందర్యాన్ని తూచే త్రాసు ఎవరి చేతిలో ఉంది? వైరుధ్యం లేకపోవడం సత్యానికి అవసరమే, కానీ చాలదు. బిగువుగా అల్లిన కట్టుకథలో కూడా వైరుధ్యం ఉండదు. ఇస్లాంలోనే బుద్ధికి పెద్దపీట వేసిన ముతజిలీ పండితులు, ముఖ్యంగా 1025లో మరణించిన అబ్దుల్ జబ్బార్, ఈ వలయాన్ని గుర్తించారు. దేవుడు అబద్ధమాడడని ముందు బుద్ధితో తెలియాలి, ఆ తరువాతే ఆయన వాక్కు సాక్ష్యమవుతుందన్నారు. ఉదయనుడి కాలానికి దగ్గరలోనే, ఎక్కడో దూరాన, ఇంకొకరు అదే గుంతను చూసి పక్కకు తప్పుకున్నారన్నమాట.

భవిష్యవాణులు నెరవేరాయి కదా, అది బయటి సాక్ష్యమే కదా?

మాట ముందు, సంఘటన తరువాత అని తేలితే నిజంగా సాక్ష్యమే. చిక్కంతా ఆ 'ముందు'లోనే ఉంది. మనకు దగ్గరి ఉదాహరణ చెబుతాను. మత్స్య, వాయు పురాణాలు ఆంధ్ర (సాతవాహన) రాజుల జాబితాను భవిష్యత్కాలంలో చెబుతాయి, ఫలానా రాజు ఏలగలడు, ఆ తరువాత ఫలానా రాజు ఏలగలడు అని. వాయు పురాణంలో రాజవంశాల వరుస గుప్తుల తొలి రోజుల దాకా వచ్చి ఆగిపోతుంది. భవిష్యత్తు నిజంగా కనిపించినవాడు అక్కడే ఎందుకు ఆగాడు? ఆ పాఠం స్థిరపడినది ఆ కాలంలో కాబట్టి అన్నదే చరిత్రకారుల సమాధానం. బైబిలులోని దానియేలు గ్రంథం గురించి మూడో శతాబ్దంలో గ్రీకు తత్త్వవేత్త పోర్ఫిరీ ఇదే వాదం చేశాడు.

అంత మాత్రాన ఆ జాబితా పనికిరానిది కాదు. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో సాతవాహన వంశపు తొలి రాజు పేరుతో నాణేలు దొరికాయి. నాణేల మీద 'ఛిముక' అని ఉన్న పేరు పురాణాల రాతప్రతులలో శిశుకుడు, సింధుకుడు అని రకరకాలుగా మారిపోయింది. పురాణానికీ పురాణానికీ రాజుల సంఖ్యలో తేడా ఉంది. నాణెం పురాణాన్ని కొంత సమర్థించింది, కొంత సరిదిద్దింది. గ్రంథాన్ని సాక్షిగా వాడుకోవడమంటే ఇదే. బోనులో నిలబెట్టి, అడ్డుప్రశ్నలు వేసి, పక్క సాక్షులతో పోల్చి చూడడం.

తవ్వకాలలో ఆధారాలు దొరికితే గ్రంథమంతా నిజమైనట్టేనా?

కాదు. 1896లో లుంబినిలో బయటపడిన అశోకుడి స్తంభం బుద్ధుడు అక్కడ పుట్టాడని అశోకుడి కాలం వాళ్ళు నమ్మినట్టు చూపింది. తల్లి కుడి పక్క నుంచి శిశువు బయటికి వచ్చాడన్న కథను అది రుజువు చేయదు. ఊరు నిజమైతే ఊరు నిజం, అంతవరకే.

శాస్త్రం ఒకటి చెబితే కళ్ళు మరొకటి చెబితే?

శంకరాచార్యులు గీతాభాష్యంలో, 18వ అధ్యాయం 66వ శ్లోకం దగ్గర, తేల్చి చెప్పారు: అగ్ని చల్లనిదనీ వెలుగు లేనిదనీ నూరు శ్రుతులు (వేదవాక్యాలు) చెప్పినా అవి ప్రమాణం కావు. బ్రహ్మసూత్ర భాష్యంలో మాత్రం, రూపాలను చూపడంలో సూర్యుడిలాగా తన విషయంలో వేదం నిరపేక్ష ప్రమాణం, అంటే వేరే ఆధారం అక్కరలేనిది అంటారు. రెండూ కలిపి చదవాలి. ప్రతి ప్రమాణానికీ దాని పొలం దానికుంది. రంగు గురించి చెవిని అడగం. కాబట్టి వేదంలో విమానాలు, అణువులు వెతికేవాళ్ళు వేదానికి గౌరవం పెంచుతున్నామనుకుంటూ, దాన్ని తనది కాని పొలంలోకి తోలుతున్నారు.

చదివితే నా జీవితమే మారిపోయింది. అది సాక్ష్యం కాదా?

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేను. మా అమ్మ చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని రోజూ గీత రెండో అధ్యాయం చదివాను. ఆ శ్లోకాలు లేకపోతే ఆ రాత్రులు ఎలా గడిచేవో తెలియదు. ఆ ఓదార్పు నిజం, దాన్ని ఎవరు కాదన్నా ఒప్పుకోను. కానీ అది దేనికి సాక్ష్యం? ఆ మాటలకు మనిషిని నిలబెట్టే శక్తి ఉందనడానికి. ఆత్మ నిత్యమనడానికి అది సాక్ష్యమని అనలేను. అదే ఆసుపత్రి వరండాలో మరొక ఆమె కీర్తనల గ్రంథం చదువుకుంటూ నాలాగే నిలదొక్కుకుంది. నా ఓదార్పు నా గ్రంథానికి రుజువైతే ఆమె ఓదార్పు ఆమె గ్రంథానికీ రుజువే. ఆమెది భ్రమ, నాది అనుభవం అంటే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు ఉంటుంది.

ప్రత్యక్షాన్ని, అంటే ఇంద్రియాలతో తెలిసేదాన్ని, మాత్రం ఏ ప్రమాణంతో నిరూపిస్తారు? సైన్సు కూడా వలయమే కదా?

ఇది మంచి ఎదురుప్రశ్న. బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో సరిగ్గా దీన్నే అడిగాడు. ప్రమాణాలకు మరో ప్రమాణం కావాలంటే అంతు ఉండదు, అక్కరలేదంటే మిగతా వాటికి మాత్రం ఎందుకు? దీపం ఇతర వస్తువులనూ, తననూ చూపినట్టే ప్రమాణాలూ అన్న జవాబును ఆయన ఒప్పుకోలేదు. దీపంలో చీకటే లేనప్పుడు అది తనను తాను వెలిగించుకునేదేమిటి అన్నాడు.

పూర్తి సమాధానం ఎవరి దగ్గరా లేదనే అనుకుంటాను. కానీ ఒక తేడా ఉంది. కన్ను పొరబడితే చేయి సరిదిద్దుతుంది, నేను పొరబడితే మీరు సరిదిద్దుతారు, నిన్నటి కొలతను నేటి కొలత మారుస్తుంది. ఈ వలయానికి తలుపులున్నాయి. గ్రంథాన్ని కూడా ఇలా సరిదిద్దనిస్తామంటే నాకు పేచీ లేదు. అది చెప్పిందే తుది మాట, సరిదిద్దడానికి వీల్లేదు అన్నప్పుడే తలుపులు మూసుకుంటాయి.

ఇలా అడగడం అపచారం కాదా?

యాస్కుడి నిరుక్తంలో కౌత్సుడనే ఆయన అభిప్రాయం ఉంది: మంత్రాలకు అర్థం లేదు. వేదార్థం చెప్పే గ్రంథంలోనే ఈ మాటను, దాని కారణాలతో సహా, భద్రంగా దాచారు. యాస్కుడి జవాబు ఘాటుగానే ఉంటుంది. గుడ్డివాడికి స్తంభం కనిపించకపోతే తప్పు స్తంభానిది కాదంటాడు. జవాబు చెప్పాడు కానీ ప్రశ్నను చెరిపేయలేదు. ముండకోపనిషత్తయితే ఋగ్వేదాది నాలుగు వేదాలనూ అపరావిద్యలో (కింది విద్యలో) చేర్చి, అక్షరమైన, అంటే నాశనం లేని దాన్ని తెలిపేదే పరావిద్య (పై విద్య) అంటుంది. తనను తాను రెండో మెట్టు మీద కూర్చోబెట్టుకున్న శాస్త్రాన్ని ప్రశ్నిస్తే అది నొచ్చుకుంటుందని నేను అనుకోను.

నిరుక్తం చివర చేర్చిన భాగంలో ఒక చిన్న కథ ఉంది. ఋషులు లోకం విడిచి వెళ్ళిపోతుంటే మనుషులు దేవతల దగ్గరికి వెళ్ళి "ఇక మాకు ఋషి ఎవరు?" అని అడిగారు. దేవతలు వాళ్ళకు తర్కాన్ని ఋషిగా ఇచ్చారు.

సంస్కృతం రానివాళ్ళు ఈ చర్చను ఎక్కడ మొదలుపెట్టాలి?

అన్నంభట్టు తర్కసంగ్రహంతో. ఆయన మన తెలుగువాడే. కాశీకి వెళ్ళినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు కాలేడని సామెత పుట్టింది. గ్రంథం చిన్నది, అందులో శబ్దప్రమాణం గురించిన భాగం ఇంకా చిన్నది. ఆప్తుడి వాక్యమే శబ్దం, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడు అని మొదలవుతుంది. లౌకిక వాక్యం ఆప్తుడిదైతేనే ప్రమాణం, వైదిక వాక్యమైతే ఈశ్వరుడు చెప్పినది కనుక అంతా ప్రమాణం అంటాడు. ఆ రెండో వాక్యం దగ్గర ఆగి, "ఈశ్వరుడు చెప్పాడని ఎలా తెలుసు?" అని మీ గురువుగారిని అడగండి. మా గురువుగారు ఆ ప్రశ్నకు నవ్వి, పుస్తకం మూసి, దీపిక తెరవమన్నారు. అది అన్నంభట్టు తన గ్రంథానికి తానే రాసుకున్న వ్యాఖ్య. జ్ఞానానికి ప్రామాణ్యం స్వతః (తనంతట తానే) తెలుస్తుందా, పరతః (వేరే ఆధారంతో) తెలుస్తుందా అనే చర్చ అందులో ఉంది. ఆ కొద్ది పంక్తులు దాటడానికి మాకు దాదాపు నెల పట్టింది.